మగ్గపు గుంట మొదలు మనోభ్యాసము వరకు

చీరాలకు ఆవల, ఇసుక మేటలను సరుగుడు తోపులను దాటిన పిదప కానవచ్చు వాడరేవు, దక్షిణముగా కొలది మైళ్ల దూరమున నున్న మోటుపల్లితో పాటు, ఆంధ్రదేశపు సముద్రవ్యాపార చరిత్రలో చిరకాలముగా పేరు వినబడుచున్న తీరభాగమునకు చెందినది. ఆ మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున ఒక అభయశాసనమును చెక్కించెను. తుపానులో ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో పూర్వరాజులు దానిని తమ సొత్తుగా కైవసము చేసికొనుచుండిరనియు, తాను మాత్రము నియతమైన సుంకమును గైకొని తక్కినదంతయు వర్తకునకే విడిచిపెట్టుదుననియు ఆ రాజు అందు ప్రకటించెను. ఓడ పగిలినవాని కథకు ఇట్టి శిలాక్షరములు సాక్ష్యమిచ్చుచుండగా, మతి చెదిరినవాని కథను మాత్రము ఇండ్ల వాకిళ్లలోను, వైద్యుని గ్రంథములలోను, దేవళపు మ్రొక్కులలోను, దొరతనమువారి చట్టములలోను వెదకి కూర్చుకొనవలసియున్నది.

నేడు వైద్యులు స్కిజోఫ్రెనియా యని వ్యవహరించు వ్యాధికి లోనైనవారు, ఆసుపత్రి గోడల నడుమ గాక తమ యింటిలోనే, తమ వీధిలోనే బ్రతుకుచు, మందులతో పాటు ఏకాగ్రతకును, జ్ఞాపకమునకును, ముందువెనుకల యాలోచనకును క్రమమైన తర్ఫీదు పొందవలెనను పద్ధతి కొలది దశాబ్దులుగా లోకమున వ్యాపించుచున్నది. సంజ్ఞానాత్మక శిక్షణ యని శాస్త్రజ్ఞులు పిలుచు ఈ పద్ధతికి, నేతకును మిరపకును చేపల వేటకును పేరెన్నికగన్న ఈ తీరపు పనిపాటలలో పూర్వరంగ మెంతవరకు కలదో, ఎంతవరకు లేదో చూపవలెననియే నా సంకల్పము. సర్వమును మన పెద్దలకు తెలిసినదే యను గర్వమును, వారికేమియు తెలియదను తృణీకారమును, ఈ విషయమున రెండును సత్యమునకు దూరములే.

వైద్యగ్రంథములతో ఆరంభింతము. చరకసంహిత ఉన్మాదమును నిర్వచించుచు, మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను ఎనిమిదింటికి కలుగు విభ్రమమే ఉన్మాదమని చెప్పుచున్నది. ఈ పట్టికను తొందరపడక చదువవలెను. పిచ్చివాడనగా వీధులలో కేకలు వేయువాడును, కనబడనివారితో మాటలాడువాడును మాత్రమేయని లోకము తలంచుచుండగా, ఆ ప్రాచీన గ్రంథము జ్ఞాపకశక్తి చెదరుటను, బుద్ధి నిలకడ తప్పుటను వ్యాధి స్వరూపములోనే చేర్చినది. చికిత్సకు వచ్చునప్పటికి మాత్రము ఆ వివేకము సమముగా సాగలేదు. కల్యాణకఘృతము వంటి ఔషధములును, మిత్రులచేత ఓదార్పించుటయు, పోగొట్టుకొన్న ప్రియవస్తువును మరల సమకూర్చుటయు ఒకవంక నుండగా, బంధించుటయు, కోరలు పీకిన పాములచేతను రాజభటులచేతను భయపెట్టుటయు మరియొకవంక విధింపబడినవి. చెదిరిన స్మృతిని అభ్యాసముచేత చక్కబరుపవచ్చునను ఊహ అందు చికిత్సగా రూపుదాల్చలేదు. తరువాతి కాలమున బసవరాజీయము చేతబట్టుకొని తెలుగునాట తిరిగిన వైద్యులును ఔషధమునే నమ్మిరి గాని అభ్యాసమును గాదు.

వైద్యుని మందు పనిచేయనప్పుడు, అంతకుముందే యనియు చెప్పవచ్చును, ఇంటివారు దేవుని యాశ్రయించుచుండిరి. అద్దంకి సమీపమున సింగరకొండ ఆంజనేయుని సన్నిధికి మతి చెదిరినవారిని తోడ్కొనివచ్చి దినదినము ప్రదక్షిణలు చేయించు ఆచారమును, గుంటూరు చెంత పెదకాకాని దర్గాకు మతభేదము లేక జనులు ఇట్టివారిని కొనిపోవు ఆచారమును ఈ ప్రాంతమువారెల్లరు ఎరుగుదురు. వీనిని మూఢవిశ్వాసములని ఒక్కమాటతో కొట్టివేయుట సులభము. తమిళదేశమున ఒక చిన్న పల్లెటూరి గుడిలో కొన్నివారములు నివసించిన 31 మంది రోగులను బెంగుళూరు వైద్యులు పరీక్షించి, ఏ మందును లేకయే వారి వ్యాధిలక్షణములు దాదాపు ఐదవవంతు తగ్గెనని 2002లో ప్రకటించిరి. ఆ గుడిలో వారిని కొట్టినవారు లేరు, కట్టివేసినవారు లేరు. వేళకు నిద్రయు, వేళకు భోజనమును, చేతనైన చిన్నపనులును, చెంత ఒక బంధువును ఉండుటయే అచ్చటి చికిత్స. కాని అదే తమిళదేశమున ఏర్వాడి దర్గా సమీపమున, తాటియాకు కప్పు క్రింద సంకెళ్లతో బంధింపబడిన రోగులు 28 మంది 2001 ఆగస్టు 6వ తేదీన అగ్నికి ఆహుతియైరి. ఆశ్రయమును సంకెలయు ఒకే చూరు క్రింద నుండుట ఈ యాచారముల చరిత్రలోని దుఃఖకరమైన సత్యము.

ఇక ఇంటి మాట. చీరాల, పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెము, వేటపాలెము వంటి చోట్ల నేతపని ఒక్కని పనిగాక కుటుంబమంతటి పనియై యుండెను. గుంటమగ్గములో కూర్చుండి నాడె విసరువాడు ఒక్కడే యైనను, వానికి ముందుగా దారమును రాట్నముపై కండెలకు చుట్టువారును, ఆసు పోయువారును, పడుగును వీధిలో పొడుగునా చాపి గంజి పెట్టి కుంచెతో దువ్వువారును, తెగిన పోగులను అతుకువారును, పాత పడుగు కొసకు క్రొత్త పడుగును పోగుపోగుగా అచ్చులో అతుకువారును కావలసియుందురు. ఈ పనులకు తమలో తమకు ఒక తారతమ్యము కలదు. కండె చుట్టుటకు చేయియాడినంత చాలును. దారము తెగినప్పుడు గమనించి ముడివేయవలెను, అంతియే. ఆసు పోయుటకు లెక్క తప్పకుండ పోగులను జ్ఞాపకముంచుకొనవలెను. అచ్చు అతుకుటకు గంటలకొలది చూపు చెదరరాదు. అంచులో పువ్వు ఎత్తవలెనన్న, ఎన్నవ పోగు లేవవలెనో, ఎప్పుడు రంగు మారవలెనో ముందుగనే మనసులో చిత్రించుకొనవలెను. ఇట్లు ఒక్క నేతింటిలోనే అవధానమునకును, స్మృతికిని, గణనకును, ప్రణాళికకును వేర్వేరు మెట్లు ఏర్పడియుండెను. పిల్లలు మొదటి మెట్టునుండి ఎక్కుచు నేర్చుకొనిరి. వృద్ధులు చూపు తగ్గిన కొలది మెట్లు దిగుచు వచ్చిరి.

మతి చెదిరినవానికి ఈ యింటిలో ఒక మెట్టు దొరకుట అసాధ్యము కాదు. ఉద్రేకము తగ్గి నిలకడగా నున్న దినములలో వానిచేతికి కండె యిచ్చుట, వాడరేవున పట్టపువారి యిండ్లలోనైన వల చినిగిన చోట పట్టి యుంచుమనుట, మెరకపొలముల పల్లెలలో మిరప కల్లమునొద్ద కూర్చుండబెట్టి ఎఱ్ఱని కాయలలోనుండి తాలుకాయలను ఏరుమనుట, ఇవన్నియు గడియారము లేని బ్రతుకులో సహజముగా కుదురుకొను పనులు. కర్మాగారము వేళకు రానివానిని బయటకు పంపివేయును, ఇల్లు పంపివేయజాలదు. ప్రపంచారోగ్యసంస్థవారు 1960 దశకపు చివర తొమ్మిది దేశములలో 1,202 మంది రోగులను చేరదీసి మొదలిడిన పరిశోధనలో, మన దేశమునుండి ఆగ్రా నగరము చేరియుండెను. సంపన్నదేశముల రోగులకన్న ఆగ్రా, ఇబాదాను వంటి చోట్ల రోగులే కొన్నియేండ్ల తరువాత మెరుగుగా నున్నారని తేలినప్పుడు పండితులు ఆశ్చర్యపడిరి. కారణమేమని వాదములు నేటికిని తెగలేదు. కుటుంబమును, చేతికందిన పనియు అందుకు కొంత హేతువులని తలంచువారు పెక్కురు. నేనును వారిలో ఒకడను.

అయినను ఇంటి పనిని చికిత్సయని పిలుచుటకు నాకు మనసొప్పదు. ఇంటిలో మెట్లుండెను గాని, ఆ మెట్లు దారము కొరకు ఏర్పడినవి, మనుజుని బుద్ధికొరకు గాదు. వాడు రెండుమారులు పోగు తెంచినచో మూడవమారు ఎవరో వాని చేతినుండి లాగికొనుచుండిరి. బేరగాడు వచ్చు దినము దగ్గరపడినచో అసలు వానిని మగ్గము దరికి రానీయకుండిరి. కండె చుట్టువాడు జన్మమంతయు కండెయే చుట్టుచుండెను. రెండవ మెట్టునకు వానిని చేయిపట్టి యెక్కించువారు లేరు. ఆడువారి గతి మరింత మరుగున పడినది. పెండ్లియైనచో చక్కబడునని పెండ్లి చేయుటయు, చక్కబడనిచో పుట్టింటికి పంపివేయుటయు, అచ్చట వంటింటి వెనుకగదిలో ఆమె కాలము వెళ్లబుచ్చుటయు ఏ గ్రంథమునకు ఎక్కకపోయినను మన వీధులలో ఎల్లరు చూచినవే.

దొరతనమువారి చట్టము ఈ తీరమునకు 1858లో వచ్చినది. ఆ సంవత్సరపు ఉన్మాదాశ్రమముల చట్టము ప్రకారము, దిక్కులేక తిరుగు మతిలేనివానిని గాని, ప్రమాదకరుడని తోచినవానిని గాని పోలీసువారు మేజిస్ట్రేటు నెదుట నిలిపి, అతని యుత్తరువుతో ఆశ్రమమునకు పంపవచ్చును. చెన్నపట్టణమున 1794లో వాలెంటైన్ కొనోలీ యను వైద్యుడు స్థాపించిన ప్రైవేటు ఆశ్రమమునకు వారసురాలై కీల్పాకు ఆశ్రమము 1871లో తెరువబడెను. ఇంచుమించు ఆ కాలమునందే వాల్తేరున మరియొకటి వెలసెను. వాడరేవు మనుజునకు ఉత్తరమున వాల్తేరు గాని, దక్షిణమున చెన్నపట్టణము గాని రెండువందల మైళ్లకు తక్కువ కాదు. అచ్చటికి చేరినవానిని చూచుటకు వెళ్లిరాగల స్తోమతు ఎందరికి కలదు? భాష తెలియని వార్డులో, పేరు సరిగా పలుకని వార్డరు చేతిలో, ఊరిపేరు మరచిపోయి, అచ్చటనే తలనెరసినవారి చరిత్ర కీల్పాకుది, వాల్తేరుది.

ఆ యాశ్రమములలోను పని యుండెను. తోటపని, నూలు వడకుట, నేత, తిరుగలి విసరుట రోగులచేత చేయింపబడుచుండెను. వచ్చిన యాదాయము లెక్కలలో చూపబడుచుండెను. కుదురుగా పనిచేయువాడు ఆశ్రమమునకు ఉపయోగకారి కనుక వానిని ఇంటికి పంపుటకు తొందర లేదు. ఇది ఉన్మాదాశ్రమములకే పరిమితమైన బుద్ధియు గాదు. కీల్పాకు తలుపులు తెరచిన 1871లోనే నేరస్థ జాతుల చట్టము పుట్టెను. ఆ చట్టపు నీడలో వాడరేవుకు సమీపమున, బాపట్ల దారిలో, సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణములో 1913 ప్రాంతమున స్టూవర్టుపురము వెలసెను. ఎరుకలవారిని అచ్చట కుదిర్చి, హాజరుపట్టీలు వేసి, సేద్యమునకును చీరాల పొగాకు కంపెనీ కూలికిని మళ్లించి, దానికి సంస్కారమని పేరు పెట్టిరి. పని మనుజుని తీర్చిదిద్దునను మాటలో సత్యము కలదు; కాని ఎవని పని, ఎవని లాభమునకు, ఎవని యిష్టముతో అను ప్రశ్నలు అడుగనిచోట ఆ మాట పాలకుని చేతికఱ్ఱయగును.

1912లో ఉన్మాదాశ్రమముల చట్టము మారెను. 1920 దశకమున ఆశ్రమములు ఆసుపత్రులని పేరు మార్చుకొనెను. దేశపు ఆరోగ్యస్థితిని విచారించిన భోర్ సంఘమునకు 1946లో నివేదించిన కర్నల్ మూర్ టేలరు, దేశమంతటను 19 మానసిక వైద్యశాలలలో పదివేల పైచిలుకు పడకలున్నవనియు, వానిలో పెక్కు చెరసాలలకన్న మెరుగు గాదనియు తెలిపెను. నలుబదికోట్ల ప్రజలకు పదివేల పడకలు! నిజాము రాజ్యపు ఆశ్రమము జాల్నానుండి 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు తరలినను, తీరమువారికి అది కూడ దూరమే.

ఇంతలో ఐరోపాలో ఈ వ్యాధికి పేరు కుదురుచుండెను. జర్మనీ దేశపు ఎమిల్ క్రేపెలిన్ 1890 దశకమున దీనిని యౌవనముననే బుద్ధి క్షీణించు జబ్బుగా వర్ణించెను. స్విట్జర్లాండు వైద్యుడు ఓయ్గెన్ బ్లాయిలర్ 1908లో స్కిజోఫ్రెనియా యను పేరు పెట్టి, 1911లో గ్రంథము వ్రాసెను. క్షీణత తప్పదను క్రేపెలిన్ నిరాశను బ్లాయిలర్ కొంత సడలించెనే గాని, క్రేపెలిన్ గమనించిన బుద్ధి సంగతి క్రమముగా తెరమరుగైనది. లేని ధ్వనులు వినబడుటయు, ఎవరో వెంటాడుచున్నారను భ్రమయు వైద్యుల దృష్టినంతటిని హరించినవి. ఆ ధ్వనులను అణచు మందులును దొరకెను. మన అడవులలోని సర్పగంధిని ఉన్మాదమునకు వాడవచ్చునని గణనాథ సేన్, కార్తీక చంద్ర బోసు 1931లో ప్రకటించిరి. 1952లో పారిసు నగరమున క్లోర్‌ప్రోమజీన్ అను మందు ఫలితములు వెల్లడియై, కొలదియేండ్లలోనే ఆ మాత్ర మన దేశమునకును వచ్చెను. సంకెళ్లు విప్పుటకు అనేకచోట్ల ఆ మాత్రయే సాహసమిచ్చినది. దాని యుపకారమును తగ్గించి చెప్పుట కృతఘ్నత.

కాని మాత్ర మింగి ధ్వనులు సద్దుమణగి ఇంటికి వచ్చినవాడు పూర్వపు మనుజుడై రాలేదు. సంతకు పంపినచో నాలుగు వస్తువులలో రెండు మరచివచ్చును. ఇద్దరు మాటలాడుచుండగా ఒకని మాట పట్టుకొనునంతలో రెండవవాని మాట జారిపోవును. చీరాల బస్సు ఎక్కి, ఆసుపత్రిలో చీటి తీసికొని, వరుసలో నిలిచి, మందులు పుచ్చుకొని తిరిగివచ్చుట మనకు ఒక్క పనియే. వానికి అది పది పనులు, పదింటి నడుమను త్రోవ తప్పవచ్చును. ఇంటివారు దానిని సోమరితనమనిరి. తిండికి లోటు లేనందున కొవ్వెక్కినదనిరి. ఇంతకన్న అన్యాయమైన నింద ఈ వ్యాధి చరిత్రలో లేదని నా నిశ్చయము. ఏలయన అది కన్నవారి నోటనే, ప్రేమతోనే వెలువడుచుండెను. అవధానము, స్మృతి, వేగము, ప్రణాళిక, ఎదుటివాని ముఖభావమును గ్రహించుట, ఇవి వ్యాధిలోని భాగములేయనియు, రోగి ఉద్యోగము చేయగలడా, ఒంటరిగా బ్రతుకగలడా యనునది ధ్వనులకన్న వీనిపైననే ఎక్కువగా ఆధారపడియున్నదనియు అమెరికాలో మైకేల్ గ్రీన్ 1996లో వ్రాసిన వ్యాసముతో వైద్యలోకము స్పష్టముగా గుర్తించెను. చరకుని యెనిమిదింటిలోని బుద్ధియు స్మృతియు అటుపిమ్మటనే మరల చికిత్సాలయమున అడుగుపెట్టినవి.

దెబ్బతిన్న బుద్ధిని అభ్యాసముచేత మరల నిలుపవచ్చునను ఆశ యుద్ధముల ప్రసాదము. మొదటి ప్రపంచయుద్ధమున తలకు గాయమైన సైనికులకు ఫ్రాంక్‌ఫర్టులో కుర్ట్ గోల్డ్‌స్టైన్, రెండవ యుద్ధమున సోవియట్ దేశములో అలెగ్జాండర్ లూరియా, పోయిన శక్తికి బదులు మిగిలిన శక్తులతో క్రొత్తత్రోవ వేసి అదే పనిని సాధింపజేయు పద్ధతులు రూపొందించిరి. ఆ పద్ధతులను స్కిజోఫ్రెనియాకు మళ్లించుటకు మరి కొన్ని దశాబ్దులు పట్టెను. బెర్న్ నగరమున హాన్స్ బ్రెన్నర్ బృందాభ్యాసములను కూర్చెను. ఆస్ట్రేలియాలో డెలహంటీ, మోరిస్ కాగితము పెన్సిలులతో మెట్లుమెట్లుగా సాగు పాఠములను 1990 దశకపు ఆరంభమున సిద్ధపరచిరి. లండనులో టిల్ వైక్స్ వానిని పరీక్షకు నిలిపెను. ఆమెయు సహచరులును 2011లో 40 పరిశోధనలను, 2,104 మంది రోగులను కలిపి లెక్కించి, ప్రయోజనము మధ్యస్థమే యైనను నిజమైనదనియు, వృత్తిశిక్షణ వంటి పునరావాసముతో జోడించినప్పుడే అది నిత్యజీవితములోనికి ప్రవహించుననియు తేల్చిరి. 2021లో ఇటలీ దేశపు ఆంటోనియో వీటా, తోడివారితో, 130 పరిశోధనలను, 8,851 మందిని గణించి దానినే బలపరచెను. శిక్షణ పొందిన బోధకుడు చెంత కూర్చుండుటయు, ఉపాయములను నేర్పుటయు, నేర్చినదానిని బయటి బ్రతుకులో వాడించుటయు లేనిచో వట్టి యంత్రము ముందు గడిపిన గంటలకు విలువ స్వల్పమని దీని సారము.

తెలుగువారికి సమీపమైన అధ్యాయము బెంగుళూరులో వ్రాయబడినది. 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్యసంస్థగా మొదలై, 1974లో నిమ్‌హాన్స్ అను పేరుతో విస్తరించిన ఆ సంస్థకు, రాయలసీమనుండి మొదలుకొని మన తీరము వరకు ఎందరో తెలుగువారు రోగులను తీసికొని వెళ్లుచుండిరి, నేటికిని వెళ్లుచున్నారు. అచ్చటి నాడీమనస్తత్వ విభాగమున శోభినీ రావు, ఆమె సహచరులు, మొదట తలకు గాయమైనవారికొరకు, తరువాత మానసికరోగుల కొరకు, ఖరీదైన యంత్రములు లేకయే ఇంటిలో చేయదగిన అభ్యాసములను రూపొందించిరి. కాగితముపై అచ్చయిన అక్షరములలో కోరిన యక్షరమును మాత్రమే వెదకి కొట్టివేయుట, గీతల నడుమ రంగు నింపుట వానిలో కొన్ని. కలిపి పోసిన గింజలను రకములవారీగా వేరుచేయుట మరియొకటి! మన తల్లులు చేటలో బియ్యము పోసికొని రాళ్లు ఏరిన పని, మిరప కల్లములో తాలు వేరుచేసిన పని, అచ్చట అవధానమునకు అభ్యాసమై గౌరవము పొందెను.

అయితే పని ఒక్కటియే యైనను విధానము వేరు, ఆ భేదమే చికిత్స. గింజలు తొలుత రెండురకములే, రంగులోను పరిమాణములోను స్పష్టముగా భిన్నమైనవి. ఎంతసేపటిలో ముగించెనో, ఎన్ని తప్పెనో వ్రాసికొనెదరు. తప్పులు తగ్గి చేయి స్థిరపడిన పిమ్మటనే రకములు పెంచెదరు, పోలికలు దగ్గర చేసెదరు, వేరొక పనిని జోడించెదరు. తప్పినప్పుడు గింజలను లాగికొనువారు లేరు. ఒక మెట్టు దిగి మరల మొదలుపెట్టెదరు. ఏరిన గింజలు అమ్ముడుపోవలసిన పనియు లేదు. శాంతల హెగ్డే, శోభినీ రావు మొదలగువారు 2012లో ప్రకటించిన పరిశోధనలో, తొలిసారి వ్యాధి సోకిన 45 మందిని రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు మందులకు తోడు ఇంటియొద్ద రెండునెలలపాటు ఇట్టి యభ్యాసము చేయించి, ఆరునెలల పిదప మరల పరీక్షించిరి. సంఖ్య స్వల్పమే, అయినను ఒకేసారి రెండుపనులపై దృష్టి నిలుపుట, ఒక పద్ధతినుండి మరియొక పద్ధతికి మనసు మళ్లించుట, ముందుగా ప్రణాళిక వేయుట, వీనిలో స్పష్టమైన మేలు కనబడెను. ఇంటిలో ఒక్కరు, తల్లియో తోబుట్టువో, ఆ యభ్యాసమునకు తోడు నిలిచిరి.

ఇంటివారిని చికిత్సలో చేర్చుకొనుట మన దేశపు వైద్యులకు సహజముగా అబ్బిన సుగుణము. 1950 దశకమున అమృతసరములో విద్యాసాగరుడను వైద్యుడు ఆసుపత్రి ఆవరణలో గుడారములు వేయించి కుటుంబములను రోగితో పాటు నిలిపెను. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారును అదే మార్గము ద్రొక్కిరి. చెన్నపట్టణమున, కీల్పాకు ఆసుపత్రికి 1961 మొదలు చిరకాలము అధిపతిగా నున్న డాక్టరు శారదా మేనన్, 1984లో స్కార్ఫ్ అను సంస్థను స్థాపించి, రోగులు ఇంటనుండియే పనిపాటలు నేర్చుకొను వసతి కల్పించెను. వ్యాధిని ఊరిలోనే ఎదుర్కొను జిల్లా ప్రణాళికకు 1980 దశకమున ప్రయోగభూమియైనది, తెలుగు మాట వీధివీధిని వినవచ్చు బళ్లారి జిల్లా. అక్కడి యనుభవముతో 1996లో కేంద్రప్రభుత్వము నాలుగు జిల్లాలలో ఆ కార్యక్రమమును ఆరంభింపగా, ఆంధ్రప్రదేశమునుండి మెదకు జిల్లా ఎంపికయ్యెను. గోవా, సతారా, తమిళనాడులలో 282 మంది రోగులపై జరిగి 2014లో వెలువడిన పరిశోధన మరింత ధైర్యమిచ్చునది. డాక్టరు పట్టాలు లేని స్థానిక యువతీయువకులు తగిన శిక్షణ పొంది, రోగి యింటికి వెళ్లి సంవత్సరకాలము తోడ్పడినచో, వట్టి ఆసుపత్రి చికిత్సకన్న కొంత మెరుగైన ఫలితము వచ్చుననియు, ఆ మెరుగు ఇతర వసతులు తక్కువగా నున్న తమిళనాడు పల్లెలలో ఎక్కువగా నుండెననియు అది చూపినది.

వాడరేవు 1970 వరకు గుంటూరు జిల్లాలోను, తరువాత ప్రకాశమను పేరొందిన ఒంగోలు జిల్లాలోను, 2022 ఏప్రిల్ మొదలు బాపట్ల జిల్లాలోను చేరినది. జిల్లా పేరు మూడుమార్లు మారినను రోగిని తీసికొని బస్సెక్కవలసిన అవసరము మారలేదు. పెద్ద వైద్యమునకు గుంటూరు వంటి పట్టణపు ప్రభుత్వాసుపత్రియే గతి. సమాజములో జీవించు హక్కు రోగికి కలదని 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము స్పష్టముగా పలికినది, సంకెళ్లను నిషేధించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మానసికవ్యాధిని తన పట్టికలో చేర్చినది. 2022 అక్టోబరునుండి 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. ఇవన్నియు వెనుకటి శతాబ్దిలో ఊహింపరానివి. కాని మందుల చీటి ఊరిదాకా వచ్చినట్లు గింజల యభ్యాసము ఇంకను రాలేదు.

మరియొక ప్రక్క, ఇల్లు పూర్వము ఊరకయే ఇచ్చుచుండిన మెట్లును కూలిపోవుచున్నవి. మరమగ్గము వచ్చి గుంటమగ్గములను పూడ్చివేయగా కండె చుట్టు రాట్నము అటకెక్కినది. వలలు కర్మాగారమునుండి అల్లివచ్చుచున్నవి. మిరపకాయ కల్లమునుండి నేరుగా గుంటూరు యార్డునకో శీతలగిడ్డంగికో తరలుచున్నది. తొడిమలు తీయు కూలిపని మిగిలినను అది వేగమునకు లొంగినది, నెమ్మదివానికి అందు చోటు తక్కువ. కనుక పూర్వము చికిత్స గాకపోయినను ఆసరాయై యుండిన పని నేడు లేదు, చికిత్సయైన అభ్యాసము ఇంకను చేరలేదు. ఈ రెంటి నడుమ నున్న రోగులే ఈ తీరపు వీధి అరుగులపై మౌనముగా కూర్చుండి కనబడుచున్నవారు.

ఆ యభ్యాసమును ఇచ్చటికి తెచ్చుటకు కావలసిన సామగ్రి అల్పము: తెలుగు అక్షరములతో అచ్చువేసిన కాగితములు, నాలుగురకముల పప్పుగింజలు, ఒక గడియారము, తప్పులు వ్రాసికొను నోటుపుస్తకము. వారమునకొకమారు వచ్చి మెట్టు మార్చవలెనో లేదో చూచు మనిషిగా, తగిన తర్ఫీదు పొందిన ఆశా కార్యకర్త చాలును. నిజమైన కొరత, దినమునకు ఒక గంట రోగి చెంత ఓపికతో కూర్చుండు ఇంటివాని సమయము. మగవారు తెల్లవారకమునుపే సముద్రము మీదను, ఆడువారు చేపల గంపలతో చీరాల వీధులలోనో, ఇతరుల మిరపచేలలోనో ఉండు ఇండ్లలో ఆ గంట యెవరిది? తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఆ కాలమున పడవలు ఒడ్డునకెక్కును, వేటగాండ్రు ఇంటిపట్టున నుందురు, మిరప కోతలును ముగింపునకు వచ్చియుండును. బెంగుళూరువారి యభ్యాసము పట్టినదియు సరిగా రెండు మాసములే. వేటవిరామపు భృతి కొరకు ఇంటింటి పేర్లు ఎటులను వ్రాసికొను ఆ దినములలోనే, ఏ యింట ఇట్టి రోగి కలడో, ఆ యింట ఎవరు గంటసేపు కూర్చుండగలరో అదే కాగితమున మరియొక గడిలో వ్రాసికొన్నచో, వచ్చు ఏప్రిల్ నెల నడిమినాటికి వాడరేవున తొలి పాఠము మొదలుపెట్టవచ్చును.